తాళంచెవి గంటసేపు చాలు

యాసంగి కోతలప్పుడు వరంగల్ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా ఇది కనబడుతుంది. పొలంలో చైన్ మిషన్ వరి కోస్తుంటుంది, ఒడ్డు మీద నలుగురైదుగురు నిలబడి చూస్తుంటారు. వాళ్లలో సగం మందికి ఆ పొలంతో ఏ సంబంధమూ ఉండదు. డ్రైవర్ చాయ్‌కి దిగాడంటే ఎవరో ఒక పిల్లగాడు అడగనే అడుగుతాడు: ‘‘అన్నా, గీ ఒక్క మడి నేను తోల్తనే!’’ ఆ మిషన్ ఎంతకమ్ముతవని అడిగే పిల్లగాడు మాత్రం ఉండడు.

మామూలు కారు, మామూలు బైకు విషయంలో నడపాలన్న కోరికా కొనాలన్న కోరికా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. షోరూంలో టెస్ట్ డ్రైవ్ చేసి వచ్చినవాడు ఆ రాత్రే ఈఎంఐ లెక్క వేసుకుంటాడు. వరికోత మిషన్, డీజిల్ బుల్లెట్, బొగ్గుగని డంపర్, రైలింజన్ లాంటి వాటి దగ్గర ఈ రెండు కోరికలూ విడిపోతాయి. ఒక్కసారి నడపడానికి ఎంత దూరమైనా పోయేవాడు, ఇంటి ముందు ఉచితంగా దింపిపోతామంటే వద్దని దండం పెడతాడు. కాబట్టి ఇది డబ్బు లేక వచ్చిన వైరాగ్యం కాదు.

తెలంగాణ పల్లెల్లో బండిని ‘నడుపుడు’ కంటే ‘తోలుడు’ ఎక్కువ. ఎద్దులను తోలిన మాటే ట్రాక్టరుకు, లారీకి, చివరికి జేసీబీకి వచ్చింది. తోలడంలో ఎదుటిదానికి సొంత బుద్ధి ఉందన్న ఒప్పుకోలు ఉంది. ఎలపటెద్దు ముందుకు గుంజితే దాపటెద్దు వెనక్కి తగ్గుతుంది, తోలేవాడు పలుపు పట్టుకుని రెండింటికీ సర్దిచెప్పాలి. కొత్త కార్లలో ఈ బేరం పోయింది. పవర్ స్టీరింగ్, ఆటోమేటిక్ గేర్లు, ఎక్కుడులో వెనక్కి జారకుండా పట్టుకునే బ్రేకు, అన్నీ అడగకముందే సేవ చేస్తాయి. మోజు పుట్టించే బండ్లు దీనికి పూర్తిగా తిరగబడ్డ జాతి. చెప్పిన మాట వెంటనే వినవు. ఆ మొండితనాన్ని లొంగదీసుకోవడమే నడిపేవాడి మజా. అదే మొండితనం రాత్రి షెడ్డులోకి వచ్చాక యజమాని నెత్తిన కూర్చుంటుంది.

డీజిల్ బుల్లెట్ దీనికి చక్కటి ఉదాహరణ. రాయల్ ఎన్‌ఫీల్డ్ దానికి టారస్ అని పేరు పెట్టింది గానీ ఊళ్లలో ఆ పేరు ఎవరికీ పట్టలేదు. 325 సీసీ గ్రీవ్స్ లాంబార్డిని ఇంజన్, సుమారు ఆరున్నర హార్స్ పవర్. అంటే ఈరోజు కాలేజీ అమ్మాయిలు నడిపే 110 సీసీ స్కూటీ కంటే తక్కువ. బండి బరువేమో రెండు వందల కిలోల దరిదాపుల్లో. గంటకు 65 కిలోమీటర్లు దాటించడం దాని వల్ల కాదు. లీటరు డీజిలుకు 70 కిలోమీటర్ల పైన ఇచ్చేది కాబట్టి పాల వ్యాపారులు, ఊరూరూ తిరిగే చిన్న సేట్లు దాన్ని కొన్నారు. ఉద్గార నిబంధనలు బిగుసుకున్నాక 2000 ప్రాంతంలో దాని కథ ముగిసింది.

దాన్ని స్టార్ట్ చేయడమే ఒక విద్య. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని బాగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. అంత ఒత్తిడికి ఎదురుగా కిక్కు కొట్టడం మనిషి కాలు వల్ల కాదు కాబట్టి డీకంప్రెషన్ లివర్ పెట్టారు. లివర్ నొక్కి ఒత్తిడి వదిలేసి, కిక్కును నింపాదిగా సరైన చోటికి తెచ్చుకుని, లివర్ వదిలి, అప్పుడు ఒళ్లంతా బరువేసి ఒక్క తన్ను తన్నాలి. చోటు తప్పితే కిక్కు రాడ్డు వెనక్కి ఎగిరి పిక్కకు తగులుతుంది. స్టార్ట్ అయ్యాక అద్దంలో వెనకవచ్చే బస్సు ఒకటి కాదు, రెండు కనబడతాయి. ఒకే పెద్ద పిస్టన్, ఎక్కువ ఒత్తిడి; ఆ ఊపు మొత్తం ఫ్రేములోకి, హ్యాండిల్లోకి, పళ్లలోకి దిగుతుంది. పైగా గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఈ కాలపు బైకులకు అలవాటు పడ్డవాడు గేరు తగ్గించబోయి బ్రేకు తొక్కుతాడు, బ్రేకు వేయబోయి గేరు మారుస్తాడు. హనుమకొండ నుంచి పరకాల దాకా పోయి వస్తే అరచేతులు తిమ్మిరెక్కి, చాయ్ గ్లాసు పట్టుకోవడం కష్టమవుతుంది. అయినా దిగేవాడి మొహం మీద నవ్వే ఉంటుంది. ఆ దారంతా ఇంజన్‌లోని ప్రతి పేలుడూ విడివిడిగా వినబడింది మరి.

యజమాని వినేది వేరే చప్పుడు. ఆ ఊపుకు నట్లు వదులవుతాయి, మడ్‌గార్డు బిగింపులు చిట్లుతాయి, హెడ్‌లైటు బల్బు ఫిలమెంట్ తెగుతుంది. నాజిల్, పంపు సరిచేయడం తెలిసిన మిస్త్రీలు వయసు మీదపడి తగ్గిపోతున్నారు. పాత పెట్రోల్ బుల్లెట్ ఫ్రేములో పొలం మోటారు ఇంజన్ బిగించిన నాటు డీజిల్ బుల్లెట్లది ఇంకో తలనొప్పి. ఆర్సీలో ఒక ఇంజన్, బండిలో ఇంకొకటి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది.

ఆ తీర్పు దెబ్బ పెళ్లిళ్ల బరాత్‌ల దాకా వస్తుంది, కనీసం కాగితం మీద. వరంగల్ పెళ్లిళ్లలో గుర్రపు బగ్గీ స్థానాన్ని చాలాచోట్ల టాపు లేని జీపు తీసుకుంది. పాత మహీంద్రా జీపుకు లావు టైర్లు వేసి, ముందర వరసగా లైట్లు బిగించి, అద్దం పడుకోబెట్టి కిరాయికి తిప్పుతారు. పంజాబ్, హర్యానా సరిహద్దులోని మండీ డబ్వాలీ ఇలాంటి జీపుల తయారీకి దేశమంతా పేరుపడ్డ ఊరు. పెళ్లికొడుకు ఎక్కి నిలబడితే ఫొటో బ్రహ్మాండంగా వస్తుంది. స్టీరింగ్ పట్టినవాడి సంగతి ఫొటోలో ఉండదు. మూడు గంటలు మనిషి నడిచే వేగంతో, సగం క్లచ్ మీద, డీజే బాక్సుల వెనక పోవాలి. రేడియేటర్ పొగలు కక్కుతుంది, క్లచ్ ప్లేటు కాలిన వాసన బాంబుల మందు వాసనలో కలిసిపోతుంది. ఆ జీపు కొన్నవాడి లెక్కంతా ముహూర్తాల మీదే. మూఢం వస్తే అది గోనెపట్టా కింద నిలబడే ఇనుము.

అంబాసిడర్ అభిమానులు ఇంకా చాలామందే ఉన్నారు. ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారును తెచ్చి హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో ఇక్కడ మొదలుపెట్టింది, 2014లో ఆపింది. పాత మోడళ్లలో గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉండేది. ముందు సీటు బెంచీలాగా ఒకటే కాబట్టి డ్రైవర్ పక్కన ఇద్దరు, ఊరి పెళ్లయితే ముగ్గురు. ఆ చేతి గేరులో రెండు నుంచి మూడుకు పోవడం ఒకసారి చేసి చూడాలి, సోఫాలో కూర్చుని బోరింగు కొట్టినట్టుంటుంది. తయారీ ఆగిన కారుకు పార్టులు వెతకడం మాత్రం ఒకసారితో పోయే సరదా కాదు. ఓరుగల్లు జనం మధ్యరకం లారీని ఏ కంపెనీదైనా ‘డీసీఎం’ అనే పిలుస్తారు. 1980లలో డీసీఎం టయోటా అమ్మిన లారీల పేరది. కంపెనీ చేతులు మారి మాయమైంది, పేరు మాత్రం ఎనుమాముల మార్కెట్ గేటు దగ్గర రోజూ మోగుతుంది. బండ్ల లోకంలో పేరుకున్నంత ఆయుష్షు గేర్‌బాక్సుకు ఉండదు.

ఇక్కడ ప్రభుత్వ లెక్క చూస్తే తమాషాగా ఉంటుంది. 15 ఏళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించే ఫీజును 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెంచారు. 50 ఏళ్లు దాటి అసలు రూపంలోనే ఉన్నవాటికి 2021 జూలైలో వింటేజ్ నిబంధనలు వచ్చాయి. నంబరులో ‘వీఏ’ అక్షరాలు, 20,000 రూపాయల ఫీజు, పదేళ్ల గడువు. అయితే ఆ బండిని రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, ఆయిల్ పోయించడానికో, రిపేరుకో మాత్రమే తీయాలి. మోజున్నవాడు నడుపుతా గానీ ఉంచుకోనంటాడు, చట్టమేమో ఉంచుకో గానీ నడపొద్దంటుంది.

మళ్లీ పొలంలోకి వస్తే, చైన్ మిషన్ దగ్గర జనం ఎందుకు ఆగుతారో దాని సీటులో కూర్చుంటే తెలుస్తుంది. టైర్ల బదులు రెండు వైపులా రబ్బరు చైన్లు. కారులో లాగా గుండ్రటి స్టీరింగుతో పని లేదు, లివర్ ఒక పక్కకు వంచితే ఆ వైపు చైన్ నెమ్మదిస్తుంది, రెండోది నడుస్తూనే ఉంటుంది కాబట్టి మిషన్ ఆ వైపుకే తిరుగుతుంది. బరువు చైన్ పొడవునా పరుచుకుంటుంది కాబట్టి టైర్ మిషన్ దిగబడే తడి మడిలో కూడా ఇది తేలినట్టు పోతుంది. డ్రైవర్ కళ్ల కింద కత్తెర పళ్లు, వాటి పైన గంటెలు తిప్పినట్టు తిరిగే రీలు. వరి దుబ్బు కింది నుంచి తెగి, లోపలికి వంగి, వెనకాల గడ్డిగా పడుతుంది. నేర్చిన డ్రైవర్ కళ్ల కంటే చెవులనే ఎక్కువ నమ్ముతాడు. లోపల గింజలు రాల్చే డ్రమ్ము చప్పుడు బరువెక్కిందంటే మోతాదు మించి మేస్తోందని అర్థం, వేగం తగ్గించాలి. తగ్గించకపోతే పచ్చి గడ్డి చుట్టుకుని మిషన్ ఆగిపోతుంది. ఒడ్డు మీదకొచ్చినప్పుడు ముందు భాగం ఎత్తడం అరక్షణం ఆలస్యమైతే పళ్లు మట్టిని కొరుకుతాయి. పడిపోయిన వరైతే ఏ దిక్కు నుంచి కోయాలో ముందే లెక్కేసుకోవాలి. ఇన్నిటి మీద ఒకేసారి కన్ను, చెవి, చెయ్యి వేసి ఉంచే పని మామూలు రోడ్డు మీద దొరకదు.

ఇక ఉంచుకోవడం సంగతి. ధర లక్షల్లో రెండంకెలు. పని వానాకాలం కోతల్లో కొన్ని వారాలు, యాసంగి కోతల్లో కొన్ని వారాలు. మిగతా కాలమంతా ఎలుకలు వైర్లు కొరకకుండా కాపలా కాయాలి. తారు రోడ్డు మీద తోలితే రబ్బరు చైన్ అరుగుతుంది, కాబట్టి పక్క మండలానికి పోవాలన్నా లారీ ఎక్కించాలి. ఎక్కించే దిమ్మ దొరకాలి, లారీ కిరాయి వేరే. వాన పడ్డ వారం మొత్తం పోయినట్టే, కిస్తీ మాత్రం వానకు ఆగదు. రైతులు ఈ లెక్కను ఎప్పుడో తేల్చేశారు. గంటకింత అని కిరాయికి పిలుస్తారు, కోత కాగానే మిషన్‌ను ఊరు దాటిస్తారు. కోతల కాలంలో బయటి రాష్ట్రాల నుంచి కూడా మిషన్లు లారీల మీద వరసగా వచ్చేది అందుకే.

కేజ్ వీల్ ట్రాక్టర్‌ది ఇంకాస్త ప్రమాదం కలిసిన మోజు. కరిగెట దున్నేటప్పుడు వెనక టైర్లకు ఇనుప చక్రాలు బిగిస్తారు. బురద చిమ్ముకుంటూ, ముందర కొంగలు లేస్తూ వెనక కొంగలు వాలుతూ ఉండగా ట్రాక్టరు గుర్రంలాగా తల ఎగరేస్తుంది. ఆ తల ఎగరేయడమే అసలు గండం. వెనక చక్రాలు బురదలో కూరుకుపోయి కదలనప్పుడు డ్రైవర్ ఇంకా రేసు ఇస్తే, ఆ బలానికి చక్రాలు తిరగాల్సింది పోయి ట్రాక్టరే ఇరుసు చుట్టూ వెనక్కి లేస్తుంది. క్షణంలో డ్రైవర్ మీద పడుతుంది. అందుకే ఇరుక్కుంటే రేసు తగ్గించి నెమ్మదిగా వెనక్కి రావాలని ముసలి డ్రైవర్లు కొత్తవాళ్లకు మొదటిరోజే చెబుతారు. ఆ ఇనుప చక్రాలతోనే తారు రోడ్డెక్కితే రోడ్డు మీద నాగలి వేసినట్టు గీతలు, వెనకే పోలీసు కేసు.

భూపాలపల్లి, గోదావరిఖని వైపు పోతే బండ్ల కొలతలే మారిపోతాయి. సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల్లో మట్టి, బొగ్గు మోసే వంద టన్నుల డంపర్ టైరు ఒక్కటే దాదాపు తొమ్మిది అడుగుల ఎత్తు, అలాంటివి ఆరు. ఇంజన్ వెయ్యి హార్స్ పవర్ స్థాయిది. నిచ్చెన మెట్లెక్కి క్యాబిన్‌లో కూర్చుంటే మొదట అనిపించేది బలం కాదు, గుడ్డితనం. ముందర నేల చాలా దూరం దాకా కనబడదు, కుడిపక్కన జీపు నిలబడినా తెలియదు. అందుకే గని లోపల తిరిగే చిన్న బండ్లకు పొడుగాటి కర్ర మీద జెండా కడతారు. ఇంజన్ ఎంత పెద్దదైనా నిండు బరువుతో గుంత లోపలి నుంచి పైకి ఎక్కేటప్పుడు వేగం సైకిల్ దాటదు. ఖాళీగా దిగేటప్పుడు అసలు పరీక్ష. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లిన దారి జారుతుంది, మామూలు బ్రేకును నమ్ముకుంటే వేడెక్కి పట్టు పోతుంది. రిటార్డర్ అనే మరో ఏర్పాటు నూనెలో మునిగిన పళ్లేలతో వేగాన్ని పట్టి ఉంచుతుంది. దాన్ని వంపు రాకముందే పట్టాలి, వచ్చాక కాదు.

ఎనిమిది గంటల షిఫ్టులో అదే దారిలో అటూఇటూ డంపర్ తోలే ఈపీ ఆపరేటర్‌ను అడిగితే మోజు మాట ఎత్తడు. నడుము నొప్పి, రాత్రి షిఫ్టులో తెల్లవారుజామున మూడింటికి కమ్మే నిద్ర, వేసవిలో బొగ్గు వేడి, ఇవి చెబుతాడు. అయినా అతని ఇంటికొచ్చిన చుట్టం మొదటి ప్రశ్న ‘‘బావా, గంత పెద్దది ఎట్ల తోల్తరే?’’ అనే. సొంతానికి కొనే మాట ఇక్కడ హాస్యానికి కూడా నిలవదు. రోడ్డు మీద తిరిగే బండి వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదని నిబంధన, వంద టన్నుల డంపర్ వెడల్పు దానికి రెట్టింపు. గనిలోకి కూడా ముక్కలుగానే వచ్చి అక్కడే బిగించుకుంటుంది. అది పుట్టేదీ, పని చేసేదీ, తుక్కయ్యేదీ ఆ గుంత ఒడ్డునే.

కాజీపేటలో ఫాతిమానగర్ బ్రిడ్జి మీద బండి ఆపి కిందికి చూసేవాళ్లది ఇంకో రకం. కాజీపేట డీజిల్ షెడ్డు అమెరికా కంపెనీ ఆల్కో రకం రైలింజన్లకు పేరుమోసింది. 16 సిలిండర్లు, 2,600 హార్స్ పవర్, 112 టన్నుల బరువున్న డబ్ల్యూడీఎం-2 పొగ కక్కుతూ కదిలే తీరుకు ఇప్పటికీ అభిమానులున్నారు. అందులో తిప్పడానికి స్టీరింగ్ లేదు. ఎనిమిది నాచ్‌ల హ్యాండిలు, బ్రేకులు, హారన్, అంతే. నాచ్ పెంచిన వెంటనే ఏమీ జరగదు. డీజిల్ ఇంజన్ జనరేటర్‌ను తిప్పాలి, ఆ కరెంటు చక్రాల దగ్గరి మోటార్లకు చేరాలి, కప్లింగులు ఒక్కొక్కటే బిగుసుకోవాలి. నిండు గూడ్సు ఆగాలంటే కిలోమీటరు దాటి దూరం పడుతుంది. అంటే లోకో పైలట్ కనబడుతున్న పట్టా మీద కాక, ఇంకా కనబడని పట్టా మీద బండి తోలుతుంటాడు. దీన్ని ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటానంటే ముందు పట్టాలు కొనాలి.

కొన్నిదేశాలు ఈ గంట మోజునే సరుకు చేసి అమ్ముతున్నాయి. బ్రిటన్‌లో డిగ్గర్‌ల్యాండ్ అనే పార్కుల్లో పిల్లలు కూడా టికెట్ కొని జేసీబీలు నడుపుతారు. లాస్ వేగాస్‌లో డిగ్ దిస్ అనే చోట పెద్దవాళ్లు బుల్‌డోజర్‌తో మట్టి కుప్పలు పోసి ఇంటికి పోతారు. బ్రిటన్‌లోని పాత ఆవిరి రైళ్ల సంఘాలు ఫీజు తీసుకుని ఇంజన్ నడపనిస్తాయి. మన దగ్గర ఈ మోజుకు దగ్గరగా వచ్చేది హైదరాబాద్ బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియం. బూటు ఆకారంలో, క్రికెట్ బంతి ఆకారంలో నడిచే కార్లు తయారుచేసిన సుధాకర్, 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడు చక్రాల సైకిల్ తొక్కి గిన్నిస్ రికార్డు కొట్టాడు. ఇలాంటివి ఉంచుకోవాలంటే ఏం కావాలో కూడా ఆయనే చూపించాడు. మ్యూజియం కట్టాల్సి వచ్చింది.

ఉత్తర తెలంగాణలో ఈ సరదా ఇంకా టికెట్టు దాకా రాలేదు, ‘అన్నా’ అన్న పిలుపు దగ్గరే ఉంది. మేడారం జాతరకు ఎద్దుల కచ్చరం కట్టుకుని రోజుల తరబడి పోయిన కాలంలో కూడా ఇంతే. పలుపు కాసేపు పట్టుకోనిమ్మని పిల్లలు పోరుపెట్టేవారు. రాత్రి బండి విప్పాక ఎద్దులకు నీళ్లు పెట్టి, గడ్డి వేసి, ఇరుసుకు కందెన రాసే పని పెద్దవాళ్లదే.

యాసంగి మడిలో ఆ పిల్లగాడికి సీటు దొరకనే దొరుకుతుంది. డ్రైవర్ పక్కన నిలబడి, ఒక చెయ్యి లివర్ దగ్గరే ఉంచి, అర మడి కోయనిస్తాడు. ఒడ్డు దగ్గర పడగానే లివర్ తన చేతుల్లోకి తీసుకుంటాడు. పిల్లగాడు కిందికి దూకి ఫోన్లో వీడియో ఎలా వచ్చిందో చూసుకుంటూ ఊళ్లోకి పోతాడు. చీకటి పడ్డాక అదే మిషన్ కింద డ్రైవర్ వెల్లకిలా పడుకుని ఉంటాడు. సెల్ లైటు పళ్ల మధ్య కరుచుకుని, చైన్ సందుల్లో ఇరుక్కున్న పచ్చి గడ్డిని కొడవలి మొనతో పీకుతుంటాడు. ఇంకా గ్రీజు కొట్టాలి, పొద్దున్నే పక్క ఊరికి లారీ ఎక్కించాలి.